పొగ రాని బ్యాటరీ

శావల్యాపురంలో కోటమ్మ ఇంటి వరండా. ఆమె మేనకోడలు వాసంతి గుంటూరులో బ్యాటరీల మీద పరిశోధన చేస్తోంది. హాస్టల్లో ఛార్జింగ్ పెట్టనివ్వడం లేదని తన కరెంటు స్కూటర్‌ని నెల కిందట ఇక్కడే వదిలి వెళ్లింది.

"ఆ కొట్టం తలుపు జోలికి పోమాకన్నానా?"

"నా బండి నేను చూసుకోవద్దా అత్తా?"

"కరెంటు బండ్లు పేలతయ్యంట. ఫోన్లో చూశా. అందుకే తాళమేసి పెట్టా."

"నేను నాలుగేళ్ల నుంచి చేసే పనే అది గదా. మామూలు లిథియం బ్యాటరీలో ఉండేది ద్రవం. వేడెక్కితే పెట్రోల్లాగా అంటుకుంటుంది. మేం చేసింది అట్టా నీళ్లగానూ ఉండదు, రాయిలాగానూ ఉండదు."

"మరి ఎట్టుంటది?"

"తాటిముంజె అనుకో."

"ముంజెలో నీళ్లుండవంటే? వేలు పెడితే మొహాన చిమ్ముద్ది."

"లేతది కాదత్తా. కాస్త ముదిరింది."

"ముదిరింది తింటే కడుపునొప్పి."

"తినేది కాదులే. ఇదుగో, అప్పడమంత ఉందే, ఇదే మా బ్యాటరీ. బల్బు తగిలించా. వెలుగుతుందా?"

"వెలుగుతుంది."

"ఇప్పుడు దీంట్లోకి మేకు దించుతా. మామూలుదైతే బుస్సుమని మంట లేస్తది. నువ్వు ఆ గడప అవతల నుంచో."

"నీ చేతికి సుత్తి నిలవదు గానీ, ఇటియ్యి."

"అయితే ఈ కళ్లజోడు పెట్టుకో. ఊ, కొట్టు."

"కొట్టా."

"ఇంకోటి."

"కొట్టా. ఏమే, మేకు అవతలికి వచ్చింది. బల్బు ఇంకా వెలుగుతానే ఉంది."

"పొగ?"

"రాలా."

"వేడి?"

"మా ఇంట్లో చారే ఇంతకన్నా వేడిగా ఉంటది."

"ఇంకేం మరి. రేపు రోడ్డు మీద పరీక్ష. ఈ రకం బ్యాటరీ నా బండికే బిగిద్దామని మా సార్‌ని ఆర్నెల్లు బతిమాలా. బండిని తీసుకుపోవడానికి ట్రాలీ ఆటో పుల్లారావు వస్తన్నాడు. తాళం చెవి ఇవ్వు."

"రేపా? రేపు అమావాస్య గదంటే."

"అది పోయి మూడ్రోజులైంది."

"కొట్టంలో తేళ్లున్నయ్."

"టార్చి ఉంది."

"ముందు అన్నం తిను. గోంగూర నూరా."

"అత్తా, ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు. బండి కాలిపోయిందా?"

"ఛ, కాలలా."

"కాలితే కాలిందని చెప్పు. నేనేమీ అనను."

"కాలలేదంటే వినవేందే. దానికి నిప్పంటుకునే సందే లేదు."

"ఎందుకని?"

"నాలుగు రోజుల నుంచి సాగర్ కాలవ అడుగున ఉంది. అక్కడిదాకా నడిపింది నేనే."