మేఘం తినేసిన ముక్క

కాలు విరిగి మంచాన పడ్డాక ఎగస్ట్రా మావయ్య మళ్ళీ టీ కొట్టు మెట్టెక్కింది ఆ ఉదయమే. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో మూత పెట్టిన రేకు డబ్బా. తను పడినా ఫరవాలేదు గానీ డబ్బా ఒరగకూడదన్నట్టు నడిచొచ్చి, బల్ల మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, మూత మీద అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి చాలాసేపటి దాకా అక్కణ్ణించి కదల్లేదు.

ఆ పేరు ఆయనకి ఊరికే రాలేదు. జన్మంతా బస్సు తోలిన మనిషి. రోడ్డుకి అడ్డంగా మేక వచ్చిందంటే, ఆ సంగతి ఆయన నోట్లోంచి బయటికొచ్చేసరికి మేక ఏనుగయ్యేది, ఆ ఏనుగు బస్సెక్కి కిటికీ పక్క సీటు కావాలనేది. వినే వాళ్ళకీ ఒక పద్ధతి అలవాటైంది. ఆయన చెప్పిందాంట్లోంచి సగం తీసేసి, మిగిలింది నమ్మడం. కరెంటు పని చేసే అతనైతే, చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ని మావయ్యా అంటాడు, ఆయనచేత అల్లుడూ అనిపించుకుంటాడు, మొహమాటం లేకుండా అడిగేస్తాడు కూడా, ఇందులో ఎంత తీసెయ్యమంటావు మావయ్యా అని. మావయ్యకి కోపం రాదు. కూరగాయల బేరంలాగా ఓ పిసరు తగ్గిస్తాడు.

ఈ అలవాటు వల్లే ఇప్పుడు చిక్కొచ్చి పడింది. బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడి (ఆయన లెక్కలో అది స్టూలు కాదు, కరెంటు స్తంభం) కాలు విరగ్గొట్టుకున్నాక, మూడో అంతస్తులో ఒంటరిగా ఉన్న ఆయన్ని ఈ టీ కొట్టు జనమే కనిపెట్టుకుని ఉన్నారు. కొట్టు నడిపే చెల్లెమ్మ పొద్దున్నే కొట్టు తెరవకముందే టీ, రొట్టె పట్టుకెళ్ళి ఇచ్చేది. నోట్లో ఒక్క పన్ను లేని కటింగ్ షాపు తాత, నొప్పి మోకాళ్ళతో అన్ని మెట్లూ ఎక్కి, గడ్డం గీసి, తన కోసం కాచుకున్న సూపులో సగం ఆయనకి పోసి వెళ్ళేవాడు. ఎదురింటి టైలరక్క, కాలి కట్టు మీంచి ఎక్కేలా పైజమా పక్కకుట్టు విప్పేసి, నడుం నుంచి మడమ దాకా గుండీలు కుట్టి ఇచ్చింది. అల్లుడు ఎవరో పారేసిన ఓవెన్‌ని బాగుచేసి, ఏ కేకో కాల్చుకో మావయ్యా, పొద్దుపోతుంది అని వంటింట్లో పెట్టి వెళ్ళాడు.

వీళ్ళకి ఒక మంచి మాట చెప్పాలని మావయ్య మనసు కొట్టుకుపోతోంది. చెప్పబోయాడు కూడా. ఓ రోజు చెల్లెమ్మతో, నీ టీ తాగి కాలు అతుక్కోవడమే కాదమ్మా, ఎక్స్‌రే తీస్తే కొత్త ఎముక ఒకటి అదనంగా మొలిచిందన్నాడు డాక్టరు, అన్నాడు. ఆమె పకపకా నవ్వి గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. అసలు చెప్పాలనుకున్నది ఆ నవ్వులో కొట్టుకుపోయింది. ఆ రోజంతా మావయ్య గోడకేసి చూస్తూ ఆలోచించాడు. తన నోట్లోంచి ఏ మాట వచ్చినా సగం తీసేస్తారు. అదే కేకైతే ఎలా తీస్తారు? కళ్ళెదుట ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు, నోట్లో పెట్టుకోవచ్చు. తను నోరు మూసుకుని కేకు పెట్టేస్తే, చెప్పాల్సింది అదే చెప్పుకుంటుంది అనుకున్నాడు.

ఇప్పుడా కేకు డబ్బాలో ఉంది, మధ్యలో టీ గ్లాసు దిగేంత గుంటతో.

"ఏంటి మావయ్యా అందులో?" అన్నాడు అల్లుడు.

మూత తీసేస్తే అయిపోయేది. మావయ్య మూత తియ్యలేదు, నోరు తెరిచాడు.

"కేకు. నిన్న నేనే చేశాను. అదేం పెద్ద గొప్ప కాదనుకో. కోడిగుడ్లు ఒంటి చేత్తో పగలగొట్టడం వస్తే చాలు. ఇంకో చేతిలో కర్ర ఉందాయె. అన్నీ ఒంటి చేత్తోనే కొట్టాను, పెంకు ముక్క ఒక్కటంటే ఒక్కటి పడలేదు."

ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. తాత కూడా తలూపాడు. టైలరక్క పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఒక పరదా అంచు మడుస్తోంది. ఆవిడ నోట్లో ఎప్పుడూ సూదులుంటాయి, అందుకే మాట అరుదుగా వస్తుంది.

"తర్వాత ఏమైందో తెలుసా? వెన్నా పంచదారా వేసి గిలక్కొట్టడం మొదలెట్టాను. స్టీరింగు తిప్పిన చేతులు కదా, ఒకసారి మొదలైతే ఆగవు. కొట్టగా కొట్టగా అది ఎంత తేలికైపోయిందంటే, గిన్నె బల్ల మీద నిలవడం లేదు, ఇలా, మెల్లిగా, లేస్తోంది. మూత పెట్టాను, మూత మీద ఇనప పెనం పెట్టాను, పెనంతో సహా లేస్తోంది. ఇక లాభం లేదని కిటికీ ఊచకి తాడేసి కట్టాను."

"ఇందులో ఎంత తీసెయ్యమంటావు?"

"తాడు పొడుగులో ఓ జానెడు తీసెయ్ అల్లుడూ. అంతకు మించి కుదరదు."

చెల్లెమ్మ నవ్వుతూ టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన గ్లాసే, అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడినది. ఇన్నాళ్ళూ ఇంకెవరికీ ఇవ్వకుండా పై అరలో బోర్లించి ఉంచిందని దాని అడుగున అంటుకున్న దుమ్ము గీత చూస్తే తెలుస్తోంది. మావయ్య ఆ గీతని వేలితో తడిమాడు. ఇదిగో, ఇప్పుడే చెప్పేద్దామనుకున్నాడు. కానీ మాట వెనకే మూత తియ్యాలి, మూత తీస్తే గుంట కనబడుతుంది. టీ ఒక గుక్క మింగి, కథలో కేకుని ఓవెన్‌లోకి ఎక్కించాడు.

"లోపల పెట్టి తలుపు మూశాను. మూసిన తలుపు మూసినట్టే. కేకు దగ్గర ఉండాల్సింది ఓపిక. చాలామంది మధ్యమధ్యలో తలుపు తీసి తొంగి చూస్తారు, అది పరమ తప్పు. నేను ఒక్కసారంటే ఒక్కసారి కూడా తియ్యలేదు."

టైలరక్క మడత మీంచి తలెత్తి ఆయనకేసి చూసి, మళ్ళీ తల దించుకుంది.

"ఇక లోపల పొంగడం మొదలైంది చూడూ, తలుపుని బయటికి నెడుతోంది. నేను వీపు ఆనించి నిలబడ్డాను, నన్నూ నెట్టుకుంటూ వచ్చేస్తోంది. బీరువా జరిపి అడ్డం పెట్టాను."

"విరిగిన కాలితో బీరువా జరిపావా అబ్బాయ్?" అన్నాడు తాత.

"కాలితో ఎందుకు జరుపుతాను తాతా, చేతులతో జరిపాను. అదీ ఆగలేదు. కేకు పెరిగి పెరిగి పైకప్పుకి ఆనింది. పై ఇంటావిడ మంచం మీద పడుకుని పుస్తకం చదువుకుంటోందట, ఇదేంటి లైటు దగ్గరికొస్తోంది అనుకుందట. లైటు రావడం లేదు, ఆవిడ మంచమే లేస్తోంది. మంచి మనిషి, ఒక్క మాట అనలేదు. వెలుతురు బాగుందండీ, కాసేపు ఇలాగే ఉంచండి అంది."

అక్కణ్ణించి మావయ్యకి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. వాసన మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిందట. ఎప్పుడూ పెద్ద రోడ్డు మీదే పోయే బస్సు దారి తప్పి ఈ సందులోకి తిరిగిందట, డ్రైవరు బ్రేకు వెయ్యకుండానే దానంతటదే ఆగిందట. ఎవరో కంగారుపడి ఫైరింజన్‌కి కబురు పెడితే, వచ్చిన వాళ్ళు పొగ కోసం వెతికి, నీళ్ళ గొట్టం పక్కన పడేసి, ఇంట్లో చెంచాలున్నాయా అని అడిగారట. తాము పొద్దస్తమానం ఇక్కడే ఉన్నామని, బస్సు గానీ ఫైరింజన్ గానీ కనబడలేదని చెల్లెమ్మ అంటే, పని మీద మీకున్న శ్రద్ధ అలాంటిది, తల తిప్పరు, నేనెప్పుడూ అందరికీ మీ గురించి చెప్పేదే అది, అన్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీ తెరిచి ఉంది. కేకు చుట్టూ గట్టిగా ఉన్నా మధ్యలో భాగం దూదిలా ఉంటుంది కదా, అది ఊరుకోదు కదా, కిటికీలోంచి బయటపడి పైకి లేచింది. డాబా దాటింది, పావురాలు ఎగిరే ఎత్తు దాటింది. అటుగా ఓ మేఘం పోతోంది. చిన్నదే పాపం, ఎప్పుడు తిన్నదో ఏమో. ఆగింది. వాసన చూసింది. మధ్య ముక్కని ఒక్క గుటకలో మింగేసింది."

"మేఘం తిందా?"

"మేఘమే తింది. అందుకని, ఈ మూత తీశాక మధ్యలో కాస్త ఖాళీ కనబడితే, కనబడితేనే అంటున్నాను, అది కేకు తప్పూ కాదు, నా తప్పూ కాదు. మేఘం ఆకలి అలాంటిది."

"అలాగైతే నిన్న తియ్యటి వాన పడాలే మావయ్యా. చుక్క కూడా రాల్లేదు."

"ఎలా రాలుతుంది? కడుపు నిండి, కదల్లేక, ఎక్కడో కొండ మీద పడుకుని నిద్రపోతుంటేనూ."

అందరూ విరగబడి నవ్వారు. తాత బోసినోటితో నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. మావయ్యా నవ్వాడు గానీ మూత మీద చెయ్యి ఇంకా గట్టిగా బిగిసింది. ఆ రోజు చెల్లెమ్మ నవ్విన నవ్వే ఇది. ఎప్పుడూ ఈ నవ్వు కోసమే కదా మాట్లాడతాడు. ఇవాళ మాత్రం అది వద్దనిపించింది. ఇక మూత తీస్తే ఇంకోసారి నవ్వుతారు, ముక్కలు తింటారు, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోతారు, తను చెప్పాలనుకున్నది మళ్ళీ డబ్బా అడుగునే ఉండిపోతుంది.

అప్పుడు టైలరక్క పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి పరదాకి గుచ్చింది. ఆవిడ మాట్లాడబోతోందని అర్థమై అందరూ ఆగారు.

"తమ్ముడూ, మా మిషను కిటికీ పక్కనే ఉంది. నీ వంటిల్లు దానికి సరిగ్గా ఎదురు."

మావయ్య టీ గ్లాసులోకి చూశాడు. కిటికీకి కర్టెన్ ఉందిగా అక్కా అని గొణిగాడు. ఉతకడానికి తీశావు, ఇంకా వెయ్యలేదు అందావిడ.

"నిన్న నేనొక చొక్కా మొదలెట్టి పూర్తి చేసేదాకా నువ్వు ఆ తలుపు తీస్తూనే ఉన్నావు, మూస్తూనే ఉన్నావు. అన్నిసార్లు చల్లగాలి తగిలితే ఏ కేకు నిలబడుతుంది? పొంగినట్టే పొంగి కూర్చుండిపోయింది. మేఘం లేదు, మన్ను లేదు."

అల్లుడు ఏదో అనబోయి, మావయ్య మొహం చూసి మానేశాడు. ఎందుకు తీశావు అబ్బాయ్, తియ్యకూడదని నువ్వే అంటివే, అన్నాడు తాత మెల్లిగా. జీవితంలో మొదటిసారి ఎగస్ట్రా మావయ్యకి ఎగస్ట్రా ఏదీ తట్టలేదు.

"ఎందుకో నేను చెప్తాను," అంది టైలరక్క. "బస్సు తోలిన గొంతు కదా, తను గుసగుసలాడుతున్నాననుకుంటాడు, సందంతా వినబడుతుంది. ఓసారి తలుపు తీసి, తాతకి పళ్ళు లేవు, నువ్వు మధ్యలో మెత్తగా రావాలి అని చెప్పాడు కేకుకి. మూశాడు. మళ్ళీ తీసి, చెల్లెమ్మ పొద్దుటి నుంచి నిలబడే ఉంటుంది, కూర్చుని తినేంత పెద్ద ముక్క ఉండాలి అన్నాడు. ఇంకోసారి తీసి, ఇది అల్లుడు బాగుచేసిన ఓవెను, వాడి పరువు తియ్యకు అన్నాడు. నా గురించి ఏమన్నాడో నేను చెప్పను. మిషను ఆపి విన్నాను."

ఆవిడ మళ్ళీ ఒక సూది తీసి పెదాల మధ్య పెట్టుకుంది.

తాత చెయ్యి చాపి, మూత మీదున్న మావయ్య వేళ్ళని పక్కకి జరిపి, తనే మూత తీశాడు. చుట్టూ ఎర్రగా కాలిన కేకు, మధ్యలో గుంట. ఎవరూ నవ్వలేదు. తాత టీ చెంచా తీసుకుని సరాసరి గుంట అడుగున గుచ్చి, కూరుకుపోయిన ఆ తడి ముద్దని ఓ చెంచాడు నోట్లో వేసుకున్నాడు. చిగుళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పాడు. మింగాడు.

"మెత్తగానే వచ్చింది," అన్నాడు. మళ్ళీ చెంచా ముంచాడు.

చెల్లెమ్మ స్టవ్ తగ్గించి, వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆమె కొట్లో కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు. మావయ్య కర్ర మీద రెండు చేతులూ పెట్టి నలుగురి మొహాలూ చూశాడు.

"మీరు లేకపోతే నేను ఆ మంచం మీంచి లేచేవాణ్ణి కాదు," అన్నాడు. "మెట్ల మీద మీ అడుగుల చప్పుడు వినబడితేనే నాకు ఆకలేసేది."

అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా అనలేదు. ఆ మాట ఎక్కడిది అక్కడే ఆగింది, మంచం లేవలేదు, బస్సు దారి తప్పలేదు. అంత చిన్న మాట ఆయన నోటి వెంట వినడం అలవాటు లేక, ఇంకా ఏదో వస్తుందని కాసేపు ఎదురుచూశారు అందరూ.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. అలవాటైన ప్రశ్నే, కానీ ఈసారి వేళాకోళానికి అడగలేదు.

"మావయ్యా, ఇందులో ఎంత తీసెయ్యాలి?"

"ఏమీ తియ్యకురా."

అల్లుడు సరేనని తలూపి, తన ముక్క కోసం చెయ్యి చాపాడు.