గుమ్మడికాయంత తల

న్యూయార్కులో ఓ చవక పత్రిక ఆఫీసు. వచ్చే నెల అట్ట మీది బొమ్మ ముందే వేయించి ఎడిటర్ బల్ల మీద పెట్టుకున్నాడు. దానికి కథ రాసి తెచ్చిన రచయిత ఎదురుగా కూర్చున్నాడు.

“ఏమయ్యా, బొమ్మలో తల గుమ్మడికాయంత ఉంది. నీ కథలో లిఫ్టు నడిపే లెస్టర్ తల మామూలుగానే ఉందే?”

“మెదడు ఆపరేషన్‌తో వాడికి పెరిగింది తెలివి సార్, తల కాదు.”

“మరి వాడు తెలివైనవాడని చదివేవాడికి ఎలా తెలుస్తుంది?”

“వాడి మాటల్ని బట్టి.”

“అంటే చదివేవాడికీ తెలివుండాలన్నమాట! మనవాళ్లకి అంత ఎక్కడేడిసింది? పైగా చివర్లో వాడి తెలివి కాస్తా ఊడగొట్టావు. బొమ్మలో వాడి చేతుల్లో పిల్ల ఉంది చూడు. తెలివి ఉంచు, పెళ్లి చెయ్యి.”

“నిన్న చదివిన పుస్తకం ఇవాళ వాడికి అర్థం కాదు సార్. ఎందుకో మాత్రం అర్థమవుతుంది. కథంతా అక్కడే ఉంది. అంతవరకూ చదివారా?”

“అంతా చదవడం దేనికి? మొదలూ చివరా తిప్పి చూశా. బొమ్మ కొన్నాను. కథ లోపలి కాగితాలు నింపడానికి. నీకు కుదరకపోతే ఇంకొకడు రాసిస్తాడు.”

“రాయించుకోండి. నా కాగితాలిలా ఇవ్వండి.”

“అబ్బో, పొగరు! ఆ మొద్దు లెస్టర్‌ని ఇంకే పత్రికవాడు వేసుకుంటాడోయ్?”

“ఎవరూ వేసుకోకపోతే ఇంట్లో పెట్టుకుంటా. అంత పెద్ద తల ఉండి లోపల ఏమీ లేని మనిషేగా మీకు కావాల్సింది? ఆ రాసిచ్చేవాడికి, ఊహించుకుని కష్టపడొద్దని చెప్పండి. ఈ కుర్చీలో కూర్చుని, మిమ్మల్ని చూస్తూ రాసుకుంటే సరిపోతుంది.”