గంగబాబు ఆర్పేసిన దోహా

తాటిపాక సెంటర్లో వీరాయమ్మ టీకొట్టు బల్ల మీద కూర్చుని సత్యదుర్గ ఒకే లెక్క ఐదోసారి చేస్తోంది. మధ్యాహ్నం అమలాపురంలో పరీక్ష. ఎలక్ట్రికల్ డిప్లొమాలో మిగిలిపోయిన ఒక్క పేపరు, ఇదీ తప్పితే గడువు దాటిపోయి మూడేళ్ల చదువూ గోదారిపాలు. రావాల్సిన బస్సు రాలేదు. వచ్చింది గంగబాబు, దోహాలో పదేళ్లు ఎలక్ట్రీషియను పని చేసొచ్చిన మనిషి. వచ్చినవాడు ఊరుకుంటాడా, నోట్సు లాక్కున్నాడు.

"సూపర్‌పొజిషన్ సూత్రమా? ఇదే లెక్క నేను దోహాలో చేసేనమ్మాయ్. రెండు జనరేటర్లు, మధ్యన పది ఓమ్‌ల హీటరు. ఒకదాన్ని నిద్రపుచ్చి రెండోదాని కరెంటు చూడాలి, మళ్లీ దాన్ని నిద్రపుచ్చి దీనిది చూడాలి, రెండూ కలిపేయాలి. అంతే."

"ఆయ్, ఆ ముక్క పుస్తకంలోనే ఉందండి. నోట్సిలా ఇవ్వండి బాబాయిగారూ."

"ఆగమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండు కాదు, అరవై జనరేటర్లని తేలింది. యాభైతొమ్మిదింటిని జోకొట్టి ఒక్కోదాన్నీ లేపేను."

"లాలి కూడా పాడేరా?" అంది వీరాయమ్మ గ్లాసులు కడుగుతూ.

"మీరు నవ్వుతారు గానండీ, మా ఫోర్‌మెన్ ఏడ్చేడు. ఊరంతా నా చేతికిచ్చేసేరు. ఓ వీధి ఆర్పడం, ఓ వీధి వెలిగించడం, ఆఖరికి పైన సూర్యుడు అడ్డొస్తున్నాడని ఆయన్నీ ఓ అరగంట పక్కన పెట్టేను. సముద్రం మీద ఓడలు దారి తప్పేయి."

సూర్యుణ్ణి ఆర్పగలిగిన మనిషికి ఒక ఆడపిల్ల నోట్సు వదలడం చేతకాదు. సత్యదుర్గ పళ్లు బిగబట్టి రోడ్డు వంక చూసింది.

"అప్పుడు ఇంజినీర్లు, ఆ మొదటి రెండు జనరేటర్లకీ హీటరు వేడెంతండీ అనడిగేరు. నోటిలెక్కే. ఒకదాని రెండు ఆంపులకి నలభై వాట్లు, రెండోదాని మూడు ఆంపులకి తొంభై, వెరసి నూట ముప్పై. లేచి దండం పెట్టేరు."

నూట ముప్పై. ఐదుసార్లూ తనకొచ్చిన అంకె అదే, పుస్తకం వెనక జవాబు మాత్రం వేరు. ఇంకొకడి నోట వింటే గానీ అందులో తెలివితక్కువతనం తెలియలేదు సత్యదుర్గకి. కలపాల్సింది కరెంటుని, వేడిని కాదు.

"బాబాయిగారూ, రెండూ కలిపి వేస్తే హీటర్లో ఐదు ఆంపులు కదండీ?"

"ఆయ్."

"వాట్లు కావాలంటే ఆంపుల్ని ఆంపులతోనే హెచ్చవేసి ఓమ్‌లతో గుణించాలి. ఐదైదులు ఇరవై ఐదు, ఇంటూ పది, రెండొందల యాభై. మీరు నూట ముప్పయ్యే చెప్పేరు. తతిమ్మా నూట ఇరవై ఎక్కడ దాచేరండీ, సామాన్లో సర్దుకొచ్చేసేరా?"

గంగబాబు నోట్సుని తలకిందులు చేసి వెతికాడు. ఈలోగా బస్సొచ్చింది. సత్యదుర్గ అతని చేతిలోంచి నోట్సు లాగేసుకుని, బస్సు మెట్టెక్కి నిలబడి, నూట ముప్పైని అడ్డంగా కొట్టేసింది.

"తెచ్చుకునుంటే ఆ నూట ఇరవై వాట్లూ ఇలా పడేయండి గంగబాబు గారూ," అంది వీరాయమ్మ. "గ్యాసైపోయింది. మీ టీ ఇంకా మరగలేదు."