గిన్నెలో గుండీలు

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన దర్జీ ముందు గిన్నెడు గుండీలు పెట్టి, మనవరాలు వంటింట్లోకి వెళ్ళి వచ్చింది.

“అప్పుడే అన్నీ తీసేశావా తాతయ్యా?”

“పారిపోతున్న పెళ్ళికొడుకు వెనకాలే పరిగెడుతూ చొక్కా కుట్టినవాణ్ణే. నాకీ గుండీలు ఒక లెక్కా!”

“ఏ చేత్తో తీశావు?”

“నా చేత్తోనే.”

“ఎడమచేత్తో! మా ల్యాబులో చెయ్యి పడిపోయిన కోతులూ ఇలాగే దొంగాట ఆడతాయి.”

“చివరికి నన్ను కోతుల్లో కలిపావన్నమాట.”

“విను తాతయ్యా. పడిపోయిన చేత్తోనే వాటిచేత రోజూ చిన్న గుంటల్లోంచి తిండి ముక్కలు తీయించాం. తర్వాత మెదడు పరీక్షిస్తే, చేతిని కదిలించే చోటు దెబ్బతిన్నా, దాని పక్కచోట ఒక జన్యువు జోరుగా పనిచేస్తోంది. నరాలకు కొత్త కొమ్మలు వేయించే జన్యువు అది.”

“నాలోనూ ఉందా అది?”

“అందరిలోనూ ఉంటుంది.”

“మరి ఊరికే కూర్చున్న కోతుల సంగతి?”

“వాటిలో అది అంత జోరుగా పనిచేయలేదు. చెయ్యీ అంతగా బాగుపడలేదు.”

“నేను మళ్ళీ సూదిలో దారం ఎక్కిస్తానంటావా అమ్మడూ?”

“మాటివ్వలేను. కానీ నెలరోజులుగా కదలని నీ బొటనవేలు నిన్న దుప్పటి అంచు పట్టుకుంది. నేను చూశాను.”

“నేనూ చూశాను. నీకు చెబితే ఇంకా పని పెడతావని ఊరుకున్నా.”

“తాతయ్యా!”

“సరే, దొంగాట ఆడే కోతుల్ని ఏం చేస్తారు మీరు?”

“మంచి చేతికి అడ్డం పెడతాం.”

“అయితే గుండీలు మళ్ళీ గిన్నెలో పొయ్యి. నా మెడలో కొలతల టేపు తీసి ఈ ఎడమచేతిని కుర్చీకి కట్టు. గట్టిగా కట్టవే, ఈ కోతి మహా గడుసుది.”