సుదర్శన్ శెట్టి భుజమెక్కిన సైకిలు

సైకిలు మనిషిని మోయాల. కదిరిలో ఆ పొద్దు మనిషే సైకిలును మోస్తాండాడు. మోసేది గుడ్డలంగడి సుదర్శన్ శెట్టి, యాభై రెండేండ్ల మనిషి. మోయించుకునేది ఐదు రోజుల కింద అనంతపురంలో కొన్న రేసు సైకిలు. పొట్టేలు కొమ్ముల మాదిరి కిందికి వంగిన హ్యాండిలు, వేలెడు మందం టైర్లు, కండ్లు చెదిరే ఎరుపు. ఎవురి కంటా పడకుండా బస్టాండు చేరాలని శెట్టి ఉన్న సందులన్నీ తిరిగినాడు గానీ, బస్టాండు వాకిట్లోని నాగలక్ష్మమ్మ టీ అంగడిని తప్పించే సందు కదిరిలో ఇంకా ఎవురూ వెయ్యలేదు.

"ఏమప్పా శెట్టీ, నువ్వు సైకిలెక్కాల్సింది పోయి సైకిలే నిన్ను ఎక్కిందే?" బెంచీ మీద నుంచే అరిచినాడు కదిరప్ప. నల్లమాడ పక్క రైతు, శెనక్కాయ విత్తనాల కోసం టౌనుకు వచ్చినాడు.

దానికి జవాబు చిన్నదే. సైజు తప్పింది, మార్చుకునేదానికి పోతాండా, అంతే. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నాలుక మీదికి వచ్చేసరికి వేరే మాటయింది.

"బరువే లేదప్పా! ఉత్తగా నడుస్తాంటే భుజం బోసిగా ఉండాదని ఏసుకున్నా."

అసలు సంగతి ఇది. చక్కెర జబ్బు డాక్టరు నడవమంటే, నడిచేదేముంది, సైకిలే తొక్కుతా అన్నాడు శెట్టి. ఇరవై నాలుగేండ్ల కింద చీరల మూటలు కట్టుకోని నల్లమాడ పల్లెలన్నీ నల్ల సైకిలు మీద తిరిగినవాడు. ఆ గాలి మళ్ళీ మొహానికి తగలాలని లోపల ఎంత ఆశ ఉండాదో పెండ్లానికి గూడా చెప్పలేదు. అనంతపురంలో అంగడాయన ఎత్తెంత అని అడిగితే, ఐదడుగుల నాలుగంగుళాల మనిషి ఐదూ తొమ్మిది అన్నాడు. అంగడాయన అనుమానంగా ఒక చూపు చూసి, ఫ్రేము యాభై సైజుదీ యాభై ఎనిమిది సైజుదీ రెండూ తెచ్చి ముందర పెట్టినాడు. రెండింటికీ ధర ఒకటే. బతుకంతా మీటరు లెక్కన గుడ్డ కోసినవాడికి అదే ధరకు ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ వస్తాంటే వదిలేసేదానికి ప్రాణం ఒప్పలేదు. తొక్కి చూడండి సార్ అంటే, "మేం చూడని సైకిలా!" అన్నాడు. పడతానేమో, నలుగురూ చూస్తారేమో అని భయం.

ఇంటికి తెచ్చి గోడ పట్టుకోని ఎక్కితే కాళ్ళు నేలకు అందలేదు. గోడ వదిలితే పడతాడు, వదలకపోతే సైకిలు కదలదు. నాలుగు పొద్దులు అట్లనే గోడ మీద చెయ్యేసి కూర్చున్నాడు. చివరికి ఫోను చేస్తే అంగడాయన, "రోడ్డు మీద తొక్కి ఉండకపోతే మారుస్తాం. యాభై సైజుది ఒక్కటే మిగిలింది, ఈపొద్దు మధ్యాహ్నం దాకా ఆపుతా" అన్నాడు. అందుకే చక్రం నేలకు తగలనీకుండా ఈ మోత. బస్సు పది గంటలకు. ఇప్పుడు పదికి ఇరవై నిమిషాలు తక్కువ.

శెట్టి సైకిలును దించలేక, మొయ్యలేక, బెంచీ మీద పసిబిడ్డ మాదిరి పడుకోబెట్టినాడు.

"అనంతపురంలో కొంటివంట గదా, ఆడి నుంచి దేంట్లో ఏసుకోని వస్తివి సామీ?" టీ వడకడతా అడిగింది నాగలక్ష్మమ్మ.

నిజానికి శెట్టి వచ్చింది ఎర్రగడ్డల మూటల నడుమ, లగేజీ ఆటోలో. "దేంట్లో ఏందక్కా? దాని మీదనే వస్తిని."

"తొంభై కిలోమీటర్లా!"

"మెల్లగానే వచ్చినా. పొద్దున ఏడుకు బయల్దేరినా, తొందరేముంది అని పెడళ్ళ మీద కాళ్ళు ఊరికే పెట్టినా. బత్తలపల్లి కాడ ముందర ఒక బస్సు పోతాండాది. నేను దాటాలనుకోలేదప్పా, దేవుని సాక్షిగా చెప్తాండా, అదే వెనకబడింది. కండక్టరు తల బయట పెట్టి, ఓ శెట్టీ, ఇద్దరు ప్యాసింజర్లు మిగిలిండారు, నీ వెనక ఎక్కించుకోని పోతావా అని కేక. ఆ తర్వాత ఏమైందో తెల్సునా?"

"ఎక్కించుకుంటివా?"

"దీనికి వెనక సీటు యాడుండాది? పాపం అనుకోని సాగినా. ముదిగుబ్బ దాటినాక రోడ్డుకు అడ్డం గొర్ల మంద. నాలుగొందలు! ఆపుదామంటే ఆగే వేగం కాదు. గంట కొడదామంటే దీనికి గంట లేదు. కండ్లు మూసుకోని మంద నడుమ నుంచి దూరినా. ఒక్క గొర్రె తల ఎత్తలేదు. కానీ ఆ గాలికి బొచ్చంతా ఊడి, అవతల గట్టు మీద కుప్ప పడింది. కాపరి బొచ్చు గొరిగేదానికి కత్తెర నూరుకుంటాండాడు పాపం. దాన్ని మడిచి జోబులో పెట్టుకోని దండం పెట్టినాడు."

బెంచీ మీద నవ్వులు. నవ్వనిది ఒక్క సుంకన్నే. టీ అంగడికి ఆనుకోని అతని పంచరు షాపు. నీళ్ళ బేసిన్లో ట్యూబు ముంచి బుడగలు చూస్తాండాడు. మధ్యమధ్యలో తలెత్తి బెంచీ మీద పడుకున్న సైకిలు టైర్ల పక్క చూస్తాండాడు. ఆ చూపు శెట్టికి ఎందుకో నచ్చలేదు. బస్టాండు గడియారం చూసినాడు. బస్సుకు ఇంకా పన్నెండు నిమిషాలు. లేచి పోవాల. లేస్తే మళ్ళీ సైకిలును భుజాన ఏసుకోవాల, ఎందుకని అడుగుతారు.

"బాగుండాది గానీ, ఒక్క చుట్టు తొక్కి చూపించప్పా," అన్నాడు కదిరప్ప.

శెట్టి చెయ్యి అడ్డం పెట్టినాడు. "ఆగప్పా, కత అయిపోలేదు. ఆ గొర్లు దాటినాక ఏమైందో తెల్సునా? వెనకాల నల్లగా మబ్బు. వాన! అది నన్ను తరుముతాండాది, నేను తొక్కుతాండా. వెనక చక్రం వానలో తడుస్తాండాది, ముందర చక్రం ఎండలో దుమ్ము లేపుతాండాది. చొక్కా వీపు పక్క పిండితే నీళ్ళు, రొమ్ము పక్క ఇస్త్రీ చెదరలేదు."

ఈసారి నవ్వు రాలేదు. కదిరప్ప గ్లాసు కింద పెట్టి ముందుకు వంగినాడు. "ముదిగుబ్బలో వాన పడిందా శెట్టీ? నిజంగానా? ఏ పక్క?"

ఆ కండ్లల్లో వేళాకోళం లేదు. కాళ్ళ కాడ విత్తనాల మూట ఉండాది. గొర్ల బొచ్చు రాల్చినంత సులువుగా వాన రాల్చకూడదని శెట్టికి అప్పుడు తెలిసింది.

"లేదులే కదిరప్పా," అన్నాడు నెమ్మదిగా. "మబ్బే. చినుకు పడలేదు."

కదిరప్ప వెనక్కి వాలినాడు. "అట్ల చెప్పు. బస్సును దాటినావు, నమ్మినా. గొర్ల బొచ్చు గొరిగినావు, అదీ నమ్మినా. ముదిగుబ్బలో వానంటే మాత్రం నమ్మేది లేదు. సరే, లేసి ఒక చుట్టు తొక్కు, చూస్తాం."

మళ్ళీ అదే మాట! ఎనిమిది నిమిషాలు. శెట్టి ఊపిరి తీసుకోకుండా ఎత్తుకున్నాడు. "కదిరి కొండలకాడికి వచ్చేసరికి నా గాలికి గుట్ట మీది గాలిమరలన్నీ గిర్రున తిరిగినాయి, ఊరికంతా కరెంటే కరెంటు, మీరు గమనించలేదు గానీ ఆ రెండు పొద్దులు..."

"ఆ రెండు పొద్దులూ కరెంటు లేకనే గదా సామీ, చీకట్లో తడుముకుంటా గ్లాసులు కడిగింది," అనింది నాగలక్ష్మమ్మ.

"ఎక్కువైపోయిందక్కా! తీగలు మోయలేక వాళ్ళే ఆపినారు. అంతెందుకు, అనంతపురంలో ఏడుకు బయల్దేరినానా? కదిరి బస్టాండు గడియారం చూస్తే ఆరూ యాభై!"

"బయల్దేరక ముందే చేరినావా?"

"నాకూ అదే అనుమానం వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే నేను ఇంకా రాలేదు."

అప్పుడు ఫోను మోగింది, అనంతపురం అంగడాయన. శెట్టి ఫోనుకు చెవి కాడి స్పీకరు చెడిపోయి ఆర్నెల్లయింది. ఏం మాట్లాడినా పెద్ద స్పీకర్లోనే, పది మందికి వినపడాల్సిందే.

"సార్, బస్సెక్కినారా? యాభై సైజు సైకిలు కావాలని ఒకాయన వచ్చి నిలబడినాడు. ఒక్క మాట చెప్పండి, ఇచ్చెయ్యకుండా ఆపుతా. మీది రోడ్డు మీద తొక్కలేదు గదా?"

బెంచీ అంతా శెట్టిని చూస్తాండాది. తొక్కలేదంటే సైకిలు దక్కుతుంది. తొక్కినానంటే కత దక్కుతుంది. శెట్టి నోరు తెరిచినాడు. ఇంతసేపూ ఆగమన్నా ఆగని నోట్లో నుంచి ఇప్పుడు గాలి తప్ప ఏమీ రాలేదు.

"సార్? ఉండారా? సరే సార్, ఈయనకు ఇచ్చేస్తాండా మరి..."

సుంకన్న లేచినాడు. చేతులు లుంగీకి తుడుచుకోని, శెట్టి చేతిలోని ఫోను తీసుకున్నాడు.

"అన్నా, నేను కదిరి పంచరు సుంకన్నను. ఇరవై ఏండ్లుగా టైర్లే నా బతుకు. కొత్త టైరు మీద వెంట్రుకల మాదిరి సన్న రబ్బరు మీసాలు ఉంటాయి గదా, ఈ సైకిలుకు ఒక్కటి గూడా రాలలేదు. తొంభై కిలోమీటర్లు దేవుడెరుగు, ఈ అంగడి చుట్టూ ఒక్క చుట్టు తొక్కినా సగం పోయేవి. ఈ శెట్టి దీని మీద ఒక్క అడుగు తొక్కలేదు. నేను సాక్షి. చిన్నది ఆపు."

నాగలక్ష్మమ్మ గిన్నెలో పాలు పొంగి పొయ్యి మీద పడినాయి. ఎవురూ పట్టించుకోలేదు. తర్వాత కదిరప్ప నవ్వినాడు, బెంచీ ఊగేటట్లు, సైకిలు జారి పడకుండా శెట్టే పట్టుకోవాల్సి వచ్చింది. శెట్టి చెవులు సైకిలు రంగుకు వచ్చినాయి. నవ్వులో తనూ కలిసినాడు, ఒక్కడే విడిగా ఉండేదానికి చోటు లేక.

"ఆపుతా గానీ," అన్నాడు ఫోనులో ఆయన, "ఈసారి ఎత్తు నేను అడగను. సార్ కాలు మీరే కొలిచి చెప్పండి. చెప్పులిడిచి, గోడకు ఆనిచ్చి, తొడల నడుమ అట్ట పెట్టి, అట్ట పైనుంచి నేల దాకా."

అనంతపురం బస్సు హారన్ కొడతా లోపలికి తిరిగింది. కదిరప్ప బిస్కెట్ల డబ్బా అట్ట చించిచ్చినాడు. గుడ్డలు కొలిచే టేపు శెట్టి జోబులోనే ఉండాది. ఊరందరి కొలతలూ తీసినవాడు గోడకు ఆనుకోని నిలబడినాడు, సుంకన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"సుంకన్నా," గొంతు తగ్గించినాడు శెట్టి, "రెండు సెంటీమీటర్లు ఎక్కువ చూసి ఎయ్యప్పా."

"డెబ్బై ఏడు," అన్నాడు సుంకన్న ఫోనులోకి, ఆశ్చర్యపడతా.

పొయ్యి కాడ నుంచి నాగలక్ష్మమ్మ వంగి చూసింది. "మడిమలు దించు సామీ."

శెట్టి దించినాడు.

"డెబ్బై మూడు."