ఐదు హార్స్‌పవర్ రంపం

తైచుంగ్‌లోని పనిముట్ల దుకాణంలో, కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి రంపం మిషన్ చుట్టూ రెండోసారి తిరిగింది.

“ఐదు హార్స్‌పవరమ్మా! తుమ్మమొద్దునైనా వెన్నముద్దలా కోస్తుంది,” అన్నాడు దుకాణదారు.

“నాకు కావాల్సిందీ అదే, బాబాయ్. మా కాపురానికి మొదటి భోజనాల బల్ల చేసుకోవాలి. ఇప్పటికి అట్టపెట్టె మీద తింటున్నాం.”

“అయితే కళ్లుమూసుకుని తీసుకో.”

“ఐదంటున్నారు, ప్లగ్గేమో మా ఇంటి ఫ్యాన్‌దంతే ఉందే?”

“ప్లగ్గు చూసి బలం చెప్తారా ఎవరైనా?”

“మరి మిషన్‌కి ఈ చిరుతిళ్ల ప్యాకెట్ ఎందుకు?”

“మిషన్ బుద్ధిగా ఉండటానికి, ఇక్కడ అందరూ పెట్టేదే. నీకు తెలీదా? ముట్టుకోకు, అలుగుతుంది.”

“మా ఆఫీసులోనూ పెడతాం. కానీ మిషన్ నెత్తిన పెడతాం. మీరు పక్కనున్న రేకు మీద టేపేసి అతికించారేం?”

ఆయన దగ్గాడు. ఆమె ఆ ఆకుపచ్చ ప్యాకెట్‌ను మెల్లగా పైకెత్తి, రేకు మీది కరెంటు వివరాలు చదివింది.

“నూట పది వోల్టులు, పన్నెండు ఆంపియర్లు. లెక్కేస్తే రెండు హార్స్‌పవర్ కూడా రాదు, బాబాయ్!”

“ఐదనేది... స్టార్టయ్యే క్షణంలో.”

“ఆ క్షణంలో నా బల్ల అయిపోతుందా?”

“సరేలే. ఆ మూలనున్న మిషన్ చూడు, మూడు హార్స్‌పవర్. దానికి వేరే ప్లగ్గు పెట్టించుకోవాలి.”

“దాని ప్యాకెట్?”

“నెత్తినే ఉంది, తల్లీ.”

అయినా ఆమె ముందు రేకే చదివింది. మూడే.