సుంకమ్మ తొట్టిలో పోసిన పాలు

సుంకమ్మ అని ఒకామె ఉండాది అనుకోండి. అనుకునేదేముంది, మా ఊర్లోనే ఉండాది. ఆయమ్మ శెనక్కాయ కట్టె బండి మీద నుంచి పడి తుంటి ఇరగ్గొట్టుకున్నాది. డాక్టరు లోపల కమ్మీ ఏసి పంపించినాడు గాని, అప్పట్నుంచి వంగలేదు. నిలబడుకోని దినమంతా చెయ్యమను, చేస్తాది. వంగమంటే మాత్రం కాదు. వంగలేని మనిషిని కలుపుకు ఎవరు పిలుస్తారు, మీరు పిలుస్తారా? ఎవరూ పిలవలా. తెల్లారి కూలికి పొయ్యే ఆడోల్లంతా ఆయమ్మ వాకిలి ముందరే పోతా, "ఏమ్మే సుంకమ్మా, బాగుండావా" అని పలకరిచ్చి పొయ్యేటోల్లంట. ఆ మాటకే ఆయమ్మకు ఏడుపొచ్చేదంట. అరుగు మీద కూసున్న మనిషి బాగుండా అని ఎట్ల చెప్తాది? అట్ల రెండేండ్లు గడిచిపోయినాయి.

ఇట్లుండగా ఏమైందంటే, టౌను నుంచి పర్వీన్ మేడం అని ఒకామె వచ్చి, ఆడోల్ల సంఘానికని నడుమెత్తున తెల్ల గొట్టాలు బిగిచ్చి, పైన నీడకు వల కట్టి, మన్ను లేకుండా పాలకూర పండిచ్చొచ్చు అనిందంట. గొట్టాలకు బొక్కలు, బొక్కకొక చిన్న బుట్ట, బుట్టలో మొక్క. కింద తొట్టి, తొట్టిలో ఎరువు కలిపిన నీళ్ళు. మోటారు ఆ నీళ్ళని గొట్టాల్లో తిప్పతానే ఉంటాది, మొక్క ఏర్లు ఆ నీళ్ళల్లోకే దిగుతాయి. అందరూ నవ్వినారు. సుంకమ్మ నవ్వలా. గొట్టం పక్కన నిలబడుకోని చెయ్యి చాపి చూసుకున్నాది. వంగే పనే లేదు. "మేడం, ఇది నేను చూసుకుంటా" అనిందంట. ఆ మేడం సరేనని, తొట్టి శుభ్రంగా పెట్టుకోవల్ల, మూత తియ్యగూడదు అని చెప్పి, "రెండు పంటలు చూస్తా సుంకమ్మా, రాలేదంటే ఈ గొట్టాలు ఇప్పి పక్కూరోల్లకు ఇయ్యల్ల, అది నా చేతిలో లేదు" అని ఆ మాట కూడా చెప్పింది.

మోటారు ఏసిన దినం ఊర్లో ఒక ముసల్ది వచ్చింది. వచ్చి ఏమనిందంటే, కొత్త బోరు పడితే గంగమ్మకు పూజ చెయ్యమా మనం, ఇది మాత్రం గంగ కాదా, పసుపు కుంకుమ ఎయ్యి, పూలెయ్యి, శుక్రవారం శుక్రవారం ఇన్ని పాలు పొయ్యి అనింది. ఆ ముసల్ది ఎవరని ఇప్పుడే అడగొద్దండి. నిజమే కదా అనుకున్నాది సుంకమ్మ. ప్రతి శుక్రవారం తలకు పోసుకోని, తొట్టిలో గలాసు పాలు, పిడికెడు బంతిపూలు. పూజ చేసిన తొట్టికి మూతేంది, అమ్మకు ఊపిరాడదని మూత కూడా తీసి పక్కన పెట్టేసింది.

మొదటి పంట ఏదో వచ్చిందనిపిచ్చింది. రెండో పంట జానెడు ఎత్తు కూడా కాకముందే వాలిపోయింది. సుంకమ్మకు ఆశ్చర్యమైపోయింది. కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకోనుండాయి, మల్లీ దాహమన్నట్ల వాలిపోతాండాయి, ఏందబ్బా ఇది? ఒక బుట్ట పైకెత్తి చూసినాది. మొదట్లో ఆ ఏర్లు ఉడకేసిన సేమ్యా మాదిరి తెల్లగుండేవి. ఇప్పుడు నానిన గోనెపట్ట రంగు, పట్టుకుంటే జిగట, లాగితే తోలు ఊడి చేతికొస్తాంది. కంపు, కాలవ కంపు. ఇంకొకరైతే దిష్టి తగిలిందని ఎండు మిరక్కాయలు తిప్పేసి ఊరుకుందురు. ఈయమ్మ ఊరుకోలా, ఎందుకైందో తెలుసుకోవల్లని పట్టుకున్నాది.

మూడు బకెట్లు తెచ్చి, వంగే పని లేకుండా నడుమెత్తు బల్ల మీద పెట్టుకున్నాది. ఒకదాంట్లో తొట్టి నీళ్ళే. రెండోదాంట్లో కొత్త నీళ్ళు, ఎరువు, పైన బొక్కలు పొడిచిన అట్ట మూత. మూడోదాంట్లో అవే కొత్త నీళ్ళు, అదే ఎరువు, గలాసు పాలు, పూలు, పసుపు, మూత లేదు. మూడిట్లోనూ నారు పెట్టింది. మోటారు లేదు కదా, మూడిట్లోనూ దినానికి నాలుగు సార్లు చెంబుతో ముంచి పైనుంచి పోసేది. మూడో బకెట్టే గెలుస్తాదని ఆయమ్మ నమ్మకం, అమ్మ దయ ఉండేది దానికే కదా. ఏమైందంటే, ఐదో దినానికి తొట్టి నీళ్ళ బకెట్టు కంటే ఎక్కువగా ఆ మూడోది కంపు కొట్టింది. నీళ్ళ మీద జిగట, అంచున పచ్చగా పాచి, ఏర్లన్నీ మురిగిపోయినాయి. మూతేసిన రెండోదాంట్లో మాత్రం తెల్లగుండాయి. సుంకమ్మ, పూజ అనుకోని నా పంట నేనే చంపుకున్నానే అని కండ్ల నీళ్ళు పెట్టుకున్నాది.

నేరుగా ఆ ముసల్దాని ఇంటికి పోయింది. ముసల్ది ఒప్పుకుంటాదా? నీకు భక్తి తక్కువైంటాది పో అనింది. సుంకమ్మ ముసల్దాని చెయ్యి పట్టుకోని పిల్చుకోనొచ్చి, ఆ మూడో బకెట్టు ముక్కు కాడ పెట్టి, "వాసన చూడు జేజీ" అనింది. ముసల్ది చూసింది. అంతే, ఇంగ భక్తి మాటెత్తలా.

తర్వాత సుంకమ్మ మేడంకు ఫోను చేసి, పాలు పోసినానని, మూత తీసినానని దాచకుండా చెప్పేసింది. ఆ మేడం తిట్టలా. ఎండ తగిలితే పాచి పడుతుంది, పాలూ పూలూ మురిగితే ఏరు కూడా మురుగుతుంది అని చెప్పి, కడిగేది ఎట్లో చెప్పి, పై ఆఫీసులో మాట్లాడి నెల గడువు ఇప్పిచ్చింది. సుంకమ్మ మురిగిన మొక్కలు దూరంగా పారేసింది. తొట్టి ఖాళీ చేసి, గొట్టాలు ఇప్పి, బ్లీచింగు నీళ్ళతో లోపలంతా నిలబడుకోనే పొడుగు కట్టె బ్రష్షేసి రుద్ది, మూడు సార్లు కడిగి ఎండలో ఆరబెట్టింది. కొత్త నీళ్ళు పోసి, మూతేసి, ఎండ పడకుండా తొట్టికి నల్ల పట్ట చుట్టింది. బతికిన రెండో బకెట్టు నారుతో మొదలుపెట్టి, మిగతా బుట్టల్లో కొత్త నారు పెట్టింది. పొద్దున ఒక బుట్ట, సాయంత్రం ఒక బుట్ట ఎత్తి ఏరు చూసుకునేది.

నెలకు మేడం వచ్చి, ఆకు చూడలా, బుట్టెత్తి ఏరు చూసింది. తెల్లగుండాది. "గొట్టాలు ఈడనే ఉంటాయి సుంకమ్మా" అనింది. మరుసటి దినం కూలికి పొయ్యేటోల్లు వాకిలి కాడ చూసినారు, సుంకమ్మ లేదు. వల పందిరి కాడికి పోయి, "ఏమ్మే సుంకమ్మా, బాగుండావా" అన్నారంట. ఆయమ్మ తల కూడా తిప్పకుండా, "పనిలో ఉండా, సాయంత్రం రాండి" అనిందంట.

ఇప్పుడా పూజ పందిరి బయట రాయికి జరుగుతాంది, పాలు ఆ రాయి మీదనే. ఆ ముసల్ది ఎవరంటారా? ఇంగెవరు, నేనే. ఇప్పుడు నేను పోయినా కాళ్ళూ చేతులూ సబ్బుతో కడుక్కుంటే గాని లోపలికి రానీదు. కడుక్కున్నాక కూడా, కొంగులో ఏమన్నా పూలుండాయేమోనని ఇదిలిచ్చి చూస్తాది.